విశాఖపట్నం పరిసరాల్లో ఒక్కరోజు యాత్రలు

తెల్లవారుతుండగా ఇంట్లో కాఫీ తాగి బయల్దేరి, రాత్రి భోజనానికి మళ్లీ ఇల్లు చేరుకోగల దూరంలో ఇన్ని రకాల చూడదగ్గ చోట్లు ఉన్న నగరాలు తెలుగునాట ఎక్కువ లేవు. విశాఖపట్నం నుంచి ఒక్క పగటిలో బౌద్ధ విహారాలకు వెళ్లిరావచ్చు. డచ్చివారి గోరీలు, ఎర్రటి ఇసుక లోయలు, తామరలు పూసే ఆవ, సున్నపురాతి గుహలు, రాజుల యుద్ధభూమి కూడా అంతే దూరంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసిన తర్వాత వీటిలో కొన్ని అనకాపల్లి జిల్లాలోకి, కొన్ని అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. విజయనగరం జిల్లావి ఎలాగూ వేరే. యాత్రికుడికి మాత్రం అన్నిటికీ బయల్దేరే చోటు విశాఖే.

ఈ వైవిధ్యానికి మూలం భూమి అమరిక. కృష్ణా, గోదావరి డెల్టాల దగ్గర తూర్పు కనుమలు సముద్రానికి చాలా దూరంగా ఉండిపోతాయి. విశాఖ దగ్గర మాత్రం కొండలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. 1933లో తెరిచిన ఓడరేవుకు గాలివానల నుంచి అడ్డుగా నిలిచింది అలా సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండే. అంతకు రెండువేల ఏళ్ల ముందు బౌద్ధ భిక్షువులు ఎన్నుకున్నవీ సముద్రం కనిపించే కొండలే. కొండలకు, కడలికి నడుమనున్న ఈ ఇరుకు నేల మీదే ఇక్కడి చరిత్రలో చాలా భాగం నడిచింది.

భీమిలి దారి: తొట్లకొండ, బావికొండ

ఒక్కరోజు యాత్రల్లో అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది సముద్రం పక్కనే సాగే భీమిలి రోడ్డు. ఎడమవైపు కొండలు, కుడివైపు అలలు. నగరం దాటుతూనే ఎడమవైపు కనిపించే అడవి కంబాలకొండ అభయారణ్యం. దాని విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉన్న ఈ అడవి పక్కనే ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఉంది. ఉదయం పూట నడిచేవారికి కంబాలకొండలో కాలిబాటలున్నాయి.

సుమారు 16 కిలోమీటర్ల దగ్గర తొట్లకొండ. 1970లలో నౌకాదళం స్థావరం కోసం తీరాన్ని సర్వే చేస్తుండగా ఈ కొండ మీద పాత కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చిన్న స్తూపాలు, భిక్షువుల గదులు, భోజనశాల, రాతి స్తంభాల మండపం వెలుగుచూశాయి. వాననీటిని పట్టి ఉంచడానికి బండను తొలిచి చేసిన తొట్లు కూడా దొరికాయి. కొండకు ఆ పేరు రావడానికి కారణం అవే. ఊటబావి లేని గుట్ట మీద ఒక పెద్ద భిక్షు సంఘం ఏడాది పొడవునా బతకాలంటే ఆ తొట్లే ఆధారం.

ఇక్కడి తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. భిక్షువులు లోకానికి దూరంగా కొండెక్కినా, కింద సముద్రం మీద నడిచే వర్తకంతో వారికి సంబంధం తెగలేదని ఆ నాణేలు చెబుతున్నాయి. మొక్కుకున్నవారు, దానమిచ్చినవారు ఓడల మీద వచ్చిపోయేవారే కావచ్చు. క్రీస్తు పూర్వపు శతాబ్దుల నుంచి క్రీస్తు శకం తొలి శతాబ్దుల దాకా ఈ విహారం వెలిగింది. పునర్నిర్మించిన మహాస్తూపంలో కొంత భాగం 2019 అక్టోబరు వానలకు కూలిపోయి, మళ్లీ కట్టాల్సి వచ్చింది.

పక్కనే ఉన్న బావికొండదీ ఇదే కథ. వాననీటి బావులు ఉండడం వల్ల దానికి ఆ పేరు. అక్కడ ఒక ధాతుపాత్రలో ఎముక ముక్క దొరికింది. అది బుద్ధుని ధాతువేనని కొందరి నమ్మకం. భీమిలి పట్టణానికి ఆనుకున్న పావురాలకొండ ఈ వరసలో మూడోది. మూడు కొండల మీదా తొలిచిన నీటి గుంటలు ఉండడం, మూడింటి మీంచీ సముద్రం కనబడడం గమనించదగ్గవి.

తొట్లకొండ కింద, మంగమారిపేట దగ్గర అలలు కోసి తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. నీరు వెనక్కి తగ్గిన వేళ దాని దగ్గరికి నడిచి వెళ్లవచ్చు. అయితే ఈ తీరంలో నీటి లోతు హఠాత్తుగా పెరుగుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి. స్నానానికి దిగాలనుకునేవారు గజ ఈతగాళ్ల కాపలా ఉన్న చోటే దిగాలి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ తీరం ఇదే దారిలో ఉంది.

ఎర్రమట్టి దిబ్బలు

తొట్లకొండ దాటి భీమిలి చేరేలోపు, జీడిమామిడి తోటల మధ్య నేల ఒక్కసారిగా ఎర్రబడుతుంది. ఇవే ఎర్రమట్టి దిబ్బలు. పేరుకు మట్టి అంటారుగాని నిజానికి ఇది ఇసుక. ఇసుక రేణువుల చుట్టూ ఇనుము తుప్పులాగా పట్టిన పూత వల్ల దానికి ఆ రంగు వచ్చింది.

గత హిమయుగంలో భూమ్మీది నీరు చాలావరకు మంచుగా గడ్డకట్టి, సముద్ర మట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందకి దిగింది. తీరం చాలా దూరం వెనక్కి పోయింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి తెచ్చి కొండల పాదాల దగ్గర పోసింది. కనుమల నుంచి కొట్టుకొచ్చిన మన్నూ అందులో చేరింది. వేల ఏళ్ల వానలు ఆ దిబ్బలను కోసి లోతైన గెడ్డలు చేశాయి. నిలువు గోడల మధ్య మెలికలు తిరుగుతూ పోయే ఆ గెడ్డల్లో నడుస్తుంటే, సముద్రం అర కిలోమీటరు దూరంలో ఉందన్న సంగతే గుర్తురాదు. దక్షిణాసియా ఉష్ణమండలంలో ఇలాంటి నిక్షేపాలు ఇంకా తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. తమిళనాడులో వీటిని తేరి అంటారు.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1886లోనే వీటి గురించి రాశాడు. 2014లో ఈ దిబ్బలకు జాతీయ భూవారసత్వ స్థలం హోదా దక్కింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అదే సమయంలో తిరుమల కొండలు కూడా ఆ జాబితాకెక్కాయి. హోదాలు పెరుగుతున్నా దిబ్బలు తరుగుతూనే ఉన్నాయి. ఒకప్పుడు సుమారు 1,500 ఎకరాల్లో పరుచుకున్నవాటిలో రక్షణ దొరికింది కొంత భాగానికే. రోడ్లు, లేఅవుట్లు, మన్ను తవ్వకాలు మిగతా భాగాన్ని తింటున్నాయి. గోడల మీద పేర్లు చెక్కడం, అంచులెక్కి ఫొటోలు దిగడం కూడా నష్టమే చేస్తాయి. ఈ ఇసుక గట్టి రాయి కాదు, కాలు పెట్టినచోటల్లా రాలిపోతుంది.

భీమునిపట్నం

జనం నోట భీమిలిగా మారిన భీమునిపట్నం గోస్తని నది సముద్రంలో కలిసేచోట ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి ఇక్కడ దిగారు. పులికాట్, మచిలీపట్నం, పాలకొల్లు, కాకినాడ పక్కనున్న జగన్నాథపురం మాదిరిగానే ఇదీ వారి కంపెనీ స్థావరం. ఈ రేవుల నుంచి వారు ముఖ్యంగా నేతబట్టలు ఎగుమతి చేశారు. చుట్టూ గోడ, లోపల సూది గోపురాల్లాంటి సమాధులున్న పాత శ్మశానం ఇప్పటికీ ఉంది. దాన్ని హాలెండర్స్ గ్రీన్ అంటారు. అక్కడి సమాధుల్లో పాతవి 1660ల నాటివి. 1825లో డచ్చివారు భీమిలిని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు.

1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలోని అతి పాత మున్సిపాలిటీల్లో ఇదొకటి. దీపస్తంభం, 1864 నాటి సెయింట్ పీటర్స్ చర్చి, గడియార స్తంభం ఒకదానికొకటి నడక దూరంలోనే ఉన్నాయి. ఉత్తరాంధ్రలో పండే గోగునార ఒకప్పుడు ఈ రేవు నుంచే ఎగుమతయ్యేది. అందుకే ప్రపంచ మార్కెట్లో దానికి బిమ్లీ జనుము అని పేరు. విశాఖ ఓడరేవు వచ్చాక భీమిలి రేవు వెలవెలబోయింది. ఆ వెనకబాటే పాత వీధులను కొంతైనా కాపాడింది.

పద్మనాభం

భీమిలి నుంచి లోపలికి వెళ్తే పద్మనాభం. కొండ మీద అనంత పద్మనాభస్వామి ఆలయం, పైకి 1,200కు పైగా మెట్లు. కార్తీక అమావాస్య రాత్రి మెట్టుమెట్టుకూ దీపాలు వెలిగిస్తారు.

ఆ కొండ కింది మైదానంలో 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో తలపడి కన్నుమూశాడు. పేష్కష్ అనే కప్పం బకాయిల దగ్గర మొదలైన తగవు అది. పోరు గంటసేపైనా సాగలేదు. ఆ గంటతో ఉత్తరాంధ్రలో కంపెనీని ఎదిరించి నిలవగల పెద్ద సంస్థానం లేకుండా పోయింది. దగ్గరలోని పొట్నూరు కూడా చరిత్రకెక్కిన ఊరే. కళింగ దండయాత్రలో గజపతుల మీద గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు జయస్తంభం నాటించింది అక్కడే.

సింహాచలం

నగరం నుంచి 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న సింహాచలానికి విశాఖవాసులు వెళ్లేది దర్శనానికే గాని, చరిత్ర కోసం వెళ్లినా ఒక పూట చాలదు. ఇక్కడి శాసనాల్లో పాతది 11వ శతాబ్ది చివరిది, కులోత్తుంగ చోళుని కాలం నాటిది. ఇప్పుడు కనిపించే ఆలయ రూపం 13వ శతాబ్దపు తూర్పు గాంగులది. కోణార్క సూర్యదేవాలయాన్ని కట్టించిన ఒకటవ నరసింహదేవుని పేరు ఈ నిర్మాణంతోనూ ముడిపడి ఉంది. గోడల మీది ఏనుగుల వరసలు, పువ్వుల తీగలు చూస్తే ఒడిశా శిల్పుల చేయి తెలుస్తుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి స్వామికి పచ్చల పతకంతో సహా నగలు సమర్పించినట్టు శాసనం ఉంది.

వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే నిజరూప దర్శనం. ఆషాఢ పౌర్ణమికి లక్షలాది మంది కొండ చుట్టూ 32 కిలోమీటర్లు గిరిప్రదక్షిణ చేస్తారు. ఆ రెండు రోజులూ భక్తులకే గాని, తీరిగ్గా శిల్పం చూడాలనుకునేవారికి కావు. కొండ మీద పండే అనాసలు, పనసలు, సింహాచలం సంపెంగలు కాలాన్నిబట్టి మెట్ల దారిలో దొరుకుతాయి.

అనకాపల్లి వైపు: శంకరం, కొండకర్ల, ఏటికొప్పాక

నగరానికి నైరుతి దిక్కున, సుమారు 45 కిలోమీటర్ల దూరంలో శంకరం గ్రామం. సంఘారామం అన్న మాటే కాలక్రమంలో శంకరమైంది. ఊరి పక్క రెండు గుట్టలు, బొజ్జన్నకొండ, లింగాలకొండ. బుద్ధుని కొండ జనం నోట్లో నలిగి బొజ్జన్నకొండ అయింది. రెండో గుట్ట మీద బండనే చెక్కి వరసలుగా నిలిపిన చిన్నా పెద్దా స్తూపాలు లింగాల్లా కనిపించడంతో అది లింగాలకొండ అయింది. బుద్ధుడు ఎవరో ఊరు మరిచిపోయినా, ఆ జ్ఞాపకాన్ని పేర్లు తమలో దాచుకున్నాయి.

1906-07లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. సముద్రగుప్తుని బంగారు నాణెం, తూర్పు చాళుక్యుల నాణేలు దొరికాయి. గుహల్లో స్తంభాల నడుమ రాతి స్తూపం, ద్వారాల మీద కూర్చున్న బుద్ధుడు, కొండ కింద బౌద్ధ దేవత హారీతి విగ్రహం ఉన్నాయి. హారీతిని చుట్టుపక్కల ఆడవాళ్లు ఇప్పటికీ కొలుస్తారు. కనుమ పండగనాడు మాత్రం ఒక వింత ఆచారం ఉండేది. బొజ్జలా ఉన్న ఒక ఆకారం రాక్షసుడిదని ఊళ్లవాళ్లు దాని మీద రాళ్లు విసిరేవారు. వారసత్వ పరిరక్షకులు ఊరివారికి నచ్చజెప్పి దాన్ని మాన్పించారు.

అక్కడి నుంచి అచ్యుతాపురం వైపు వెళ్తే కొండకర్ల ఆవ వస్తుంది. ఆవ అంటే లోతు లేని మంచినీటి చెరువు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. తామరాకుల మధ్యకు తీసుకెళ్లేవి మర పడవలు కావు. తాటిమానులు తొలిచి రెండేసి జత కట్టిన దోనెలు. మోటారు చప్పుడు లేదు గనుక పక్షులు బెదరవు. ఉదయం ఎనిమిదిలోపు వెళ్తేనే వాటిని దగ్గరగా చూసే వీలుంటుంది.

ఇంకా ముందుకు పోయి వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో ఆగవచ్చు. అంకుడు కర్రను యంత్రం మీద తిప్పుతూ నునుపు చేసి, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగుపెడతారు. రంగులు గింజలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసినవి. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మలు 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటమై ఢిల్లీ వీధిలో సాగాయి. తిరుగు దారిలో అనకాపల్లి బెల్లం కొనుక్కోకుండా వచ్చేవారు అరుదు.

కనుమల్లోకి: బొర్రా గుహలు, అరకు

బొర్రా గుహలకు సుమారు 90 కిలోమీటర్లు, అరకుకు 115. రోడ్డున్నా రైలే మేలు. పొద్దున్నే విశాఖ నుంచి బయల్దేరే కిరండూల్ రైలు కొత్తవలస దాటి కొండలెక్కుతుంది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమిది. 50కి పైగా సొరంగాలున్నాయి. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగుడ చాలాకాలం దేశంలో అతి ఎత్తైన బ్రాడ్‌గేజి స్టేషన్‌గా పేరుపొందింది. 2017 నుంచి ఈ దారిలో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది. ఖనిజం కోసం వేసిన పట్టాలు ఇలా పర్యాటకుల దారి అయ్యాయి.

బొర్రా గుహలు సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, సున్నపురాతిలో గోస్తని నది తొలిచినవి. వాననీరు గాలిలోనూ నేలలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని ఆమ్లమవుతుంది. పగుళ్ల గుండా దిగుతూ రాతిని కరిగిస్తుంది. కప్పు నుంచి బొట్టు రాలేటప్పుడు కరిగిన సున్నంలో కొంత పైన, కొంత కింద మిగిలిపోతుంది. పైనుంచి వేలాడే ఊడలు, కిందనుంచి లేచే మొలకలు అలా తయారయ్యాయి. కొన్నిచోట్ల రెండూ కలిసి స్తంభాలయ్యాయి. వాటిలో ఒకటి స్థానికులకు శివలింగం. ఆవు ఒకటి పైకప్పు రంధ్రంలోంచి పడిపోతే వెతుక్కుంటూ వచ్చిన కాపరికి ఆ లింగం కనిపించిందని కథ. ఆవు పొదుగు అనే అర్థంలో నది పేరు గోస్తని అయిందంటారు.

గుహలను 1807లో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ అధికారి కనుగొన్నాడని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. కాని ఆ సంస్థ పుట్టిందే 1851లో. పైగా ఆ కొండల్లోని గిరిజనులు గుహలను తరతరాలుగా ఎరుగుదురు. కనుగొన్నారనే మాట ఎవరి లెక్కన అన్నదే ప్రశ్న.

ఈ గోస్తనే కిందకు దిగి తాటిపూడి జలాశయం నింపి, విశాఖ కుళాయిల్లోకి కొంత నీరిచ్చి, చివరకు భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

అరకులో గిరిజన మ్యూజియం, రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన పద్మాపురం తోట చూడవచ్చు. అనంతగిరి దారిలో మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన కాఫీ తోటలుంటాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారి పొడవునా వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చే కోడిమాంసం అమ్ముతారు. బొర్రా, అరకు రెండూ ఒకే రోజు అంటే పరుగే. ఒక్క బొర్రాతో సరిపెట్టుకుంటే గుహలో తీరిగ్గా గంటన్నర గడపవచ్చు.

విజయనగరం, రామతీర్థం

ఉత్తరాన 60 కిలోమీటర్లలో విజయనగరం. 1713లో విజయ నామ సంవత్సరం విజయదశమినాడు కోటకు పునాది వేశారని చెబుతారు. 1919లో నెలకొల్పిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ఘంటసాల పాట నేర్చుకున్నది అక్కడే. గురజాడ అప్పారావు ఇల్లు స్మారక భవనంగా ఉంది. మరికాస్త దూరంలోని రామతీర్థంలో రామాలయం, గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు, పక్క గుట్టల్లో జైన విగ్రహాలు ఉన్నాయి. ఒక చూపులో మూడు మతాల ఆనవాళ్లు దొరికే చోటు అది.

కాలం, దారి, జాగ్రత్తలు

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. ఒక్కరోజు యాత్ర తెలుగువారికి కొత్త కాదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు బండ్లు కట్టుకెళ్లిన అలవాటే ఇప్పుడు కార్లెక్కింది. కార్తీక ఆదివారాల్లో భీమిలి దారి కిక్కిరిసి ఉంటుంది కాబట్టి వారం మధ్యలో వెళ్లడం మంచిది. ఎండాకాలంలో తొట్లకొండ, శంకరం బండలు తొమ్మిదింటికే కాగిపోతాయి, నీడ తక్కువ. వానాకాలంలో కనుమల దారిలో కొండచరియలు విరిగిపడే అవకాశం ఉంది. గుహ నేల జారుడుగా ఉంటుంది. ఏ కొండ మీదికైనా మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలి, ఖాళీ సీసాలు తిరిగి తెచ్చుకోవాలి.

ఒక్కరోజే చేతిలో ఉన్నవారికి భీమిలి దారే మేలు. 900కె నంబరు సిటీ బస్సు తీరం వెంట భీమిలి దాకా వెళ్తుంది. పొద్దున తొట్లకొండ, ఎండ ముదరకముందే ఎర్రమట్టి దిబ్బలు, మధ్యాహ్నం భోజనం తర్వాత డచ్చి గోరీలు, సాయంత్రం గోస్తని సముద్రంలో కలిసేచోటు. పోను దూరం 30 కిలోమీటర్లకు మించదు.